మొదటి ముద్ద

ధోరాసర్‌లో బస్సు దిగేసరికి పొద్దున ఏడున్నర. జూన్ నెల కనక యాత్రికుల సందడి లేదు. చలికాలమైతే ఈ ఊళ్లో ఒంటెల కంటే కెమెరాలే ఎక్కువ కనపడతాయి. ఎండాకాలంలో మాత్రం ఊరు ఊరివాళ్లదే. దుకాణాల ముందు మంచాలు, మంచాల మీద దుకాణదారులు, వాళ్ల మీద ఈగలు. పసుపుపచ్చ రాతి ఇళ్లు అప్పుడే వేడెక్కుతున్నాయి. చివరి ఇంటి వెనక నుంచే ఇసుకదిబ్బలు మొదలై కనుచూపు మేర సాగిపోయాయి.

సుగణాకు ఇందులో ఏదీ లోటుగా తోచలేదు. పెళ్లయి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో మొగుడితో కలిసి ఆమె గడప దాటిందంటే అది పిండిమర దాకానే. జోధ్‌పుర్‌లో వాళ్లది వడ్రంగుల ఇల్లు. కింద కొట్టు, పైన కాపురం, తలుపు తీస్తే రంపపు పొట్టు. అత్తగారు నోటికి మంచిదే, చెవులే మరీ మంచివి. గదిలో గుసగుసలాడినా వంటింట్లోంచి ఆవిడ దగ్గేది. అందుకే మొగుడు నర్పత్ "రెండ్రోజులు ఎడారి చూసొద్దాం, నువ్వూ నేనే" అన్నప్పుడు సుగణా రాత్రంతా నిద్రపోలేదు. పండక్కి దాచుకున్న గాజులు కూడా తీసి వేసుకుంది.

బస చేసింది అందరూ పారూ మాసీ, అంటే పారూ పిన్ని, అని పిలిచే వితంతువు ఇంట్లో. పాతకాలపు మేడ, కింద ఆవిడ, పైన యాత్రికులకు మూడు గదులు. గదిలోకి వెళ్తూనే నర్పత్ సామాను పక్కన పడేసి తలుపు నిమిరాడు. వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది?

"చూడు, అసలైన రోహిడా కర్ర. నూరేళ్లు దాటి ఉంటుంది. ఈ గడియ చూశావా, ఒక్కసారి పడిందంటే ఏనుగు గుద్దినా కదలదు."

"అయితే మీ అమ్మగారికి వినపడదన్నమాట," అంది సుగణా.

నర్పత్ నవ్వి ఆమె తల మీద చిన్నగా మొట్టాడు. "పిచ్చిదానా. నీకంటే నాకెవరున్నారు?"

ఆ మాట అతను అప్పుడప్పుడూ అనేవాడు. అన్నప్పుడల్లా సుగణాకి కడుపు నిండిపోయేది. తండ్రి లేని పిల్ల, ఉన్న ఒక్క అన్న ఎక్కడో దుబాయిలో. ఆమెకి ఆ మాటే పుట్టిల్లు.

పొద్దుటి పలహారానికి పారూ మాసీ వేడివేడి కచోరీలు, పెరుగు పెట్టింది. సుగణా మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే గొంతుకి అడ్డం పడింది. పొలమారి కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. నర్పత్ వెంటనే నీళ్లగ్లాసు అందించి వీపు నిమిరాడు.

"మా కోడలు పిల్లని ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారు," అంది మాసీ.

"రోజూ ఇంతే మాసీ. పెళ్లైన దగ్గర్నుంచీ మొదటి ముద్ద దిగదు. రెండోది దిగుతుంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు."

"కొత్త కాపురం. సిగ్గు గొంతులో కూర్చుందేమోలే," అని నవ్వింది మాసీ. తర్వాత పెరుగు వడ్డిస్తూ నర్పత్ వైపు తిరిగింది. "ఏమయ్యా, ఎక్కడైనా తిప్పు గానీ సాయంత్రం బావి దిబ్బ వైపు మాత్రం తీసుకెళ్లకు. ఈ నెలలో నాలుగు దాటితే ఇసుకగాలి ఎప్పుడు లేస్తుందో తెలీదు. నాలుగేళ్ల కింద ఎవరో కొత్త పెళ్లికూతురు ఆ గాలిలో చిక్కుకుని చనిపోయింది. నేనప్పుడు మా అమ్మాయి పురిటికి వెళ్లాను, చూడలేదు. వాళ్లాయన ఏడ్చిన ఏడుపుకి ఊరు ఊరంతా కూడిందట. పాపం, ఆమె గుర్తుకి అక్కడో రాయి కూడా పాతారు."

నర్పత్ చేతిలో చెంచా ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ పెరుగులో తిరగడం మొదలుపెట్టింది.

ఆ పూటంతా హాయిగా గడిచింది. చెరువు గట్టున ఎండిన మెట్ల మీద కూర్చున్నారు. పాత మేడల సందుల్లో తిరిగారు. ప్రతి తలుపు దగ్గరా నర్పత్ ఆగి అది ఏ కర్రో, ఎవరి చేతి పనో చెప్పాడు. ఎక్కడ నిలబడితే ఎండ ముఖం మీద పడదో అతనికి తెలుసు. ఏ సందులో నిమ్మసోడా బావుంటుందో తెలుసు. "ఇంతకుముందు వచ్చారా?" అనడిగితే "పని మీద ఎప్పుడో," అన్నాడు. బజార్లో ఆమెకి కుంకుమరంగు మేలిముసుగు కొన్నాడు. ఆమె తల మీద వేసుకోబోతే ఆపి, దాని అంచుని ఆమె మెడలో నల్లతాడుకున్న వెండి రూపుకి తాకించాడు.

"ముందు అమ్మవారికి," అన్నాడు.

పెళ్లినాడు అత్తగారు కట్టిన రూపు అది. కులదేవత అని చెప్పి కట్టింది. స్నానానికైనా, నిద్రకైనా తియ్యకూడదంది. రూపాయి బిళ్లంత వెండిరేకు మీద ముసుగేసుకున్న ఆడమనిషి బొమ్మ. మొగుడికి ఇంత భక్తి ఉందని సుగణా మురిసిపోయింది. అమాయకురాలు, మురవక ఏం చేస్తుంది?

మధ్యాహ్నం భోజనమయ్యాక నర్పత్ సాయంత్రానికి ఒంటెను మాట్లాడి వస్తానని వెళ్లాడు. సుగణా ముఖం కడుక్కుంటుంటే రూపు కొంకి అరిగి తాడుకి వేలాడుతున్నట్టు కనిపించింది. ఊడిపోతే అత్తగారు ఊరుకోదు. పొద్దున వచ్చిన దారిలోనే కంసాలి కొట్టు చూసినట్టు గుర్తు. మొగుడు వచ్చేలోగా అతికించుకుందామని గబగబా బయల్దేరింది.

కొట్టులో ఆశ్కరణ్ సోనీ ఒక్కడే ఉన్నాడు. ముసలాయన. ముందు బొగ్గుల కుంపటి, పక్కన ఉక్కు అచ్చులు. ఆ అచ్చుల మీద వెండిరేకు పెట్టి కొడితే రూపు లేస్తుంది. సుగణా తాడు తియ్యకుండానే ముందుకి వంగి రూపు చూపించింది. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని చూశాడు. తర్వాత తలెత్తి ఆమె ముఖాన్ని అంతకంటే ఎక్కువసేపు చూశాడు.

"ఇది నా చేతి పనే. జోధ్‌పుర్ వడ్రంగి నర్పత్ ఇంటి నుంచి కదూ?"

"అవును బాబా. మా కులదేవత."

"ఎవరు చెప్పారమ్మా దేవతని? దేవతైతే చేతిలో త్రిశూలం ఉండదూ, కింద సింహం ఉండదూ? ఇది సవతి రూపు. పోయిన పెళ్లాన్ని ఇలా రేకు మీద ఎక్కించి, తర్వాత వచ్చిన ఆమె మెడలో కడతారు. పోయినామె శాంతిగా ఉండాలని. కొత్త బట్ట ముందు ఆమెకి తాకించాలి. అన్నంలో మొదటి ముద్ద ముందు ఆమెకి చూపించాలి. లేకపోతే గొంతు దిగనివ్వదు. మీ వైపు ఈ ఆచారం లేదా?"

ఉంది. సుగణా వాళ్ల ఊళ్లోనూ ఉంది. అయితే అది రెండో సంబంధం చేసుకున్న వాళ్ల సంగతి. తనది మొదటి సంబంధమని చెప్పారు.

ఆమెకి కుంపటి వేడి ముఖానికి తగులుతోంది, ఒళ్లు మాత్రం చల్లబడింది. ముసలాయన చేయి చెవి దగ్గర పెట్టుకుని జవాబు కోసం చూశాడు. తర్వాత వెనక అలమరలోంచి ఎర్రగుడ్డలో చుట్టిన చిన్న పొట్లం తీశాడు.

"ఎలాగూ వచ్చావు, ఇది కూడా తీసుకెళ్లు. మొన్ననే పూర్తయింది. మీ ఆయన ఇరవై రోజుల కింద చెప్పి వెళ్లాడు." పొట్లం విప్పి చూపించాడు. అదే పరిమాణం రేకు. దాని మీద ముసుగేసుకున్న ఆడవాళ్లు ఇద్దరు, పక్కపక్కనే. "మొదటిసారి రూపు చేయించడం పన్నెండు రోజులు ఆలస్యమైందట. ఆ పన్నెండు రోజులూ ఆమె అతన్ని మెతుకు మింగనివ్వలేదట, కన్ను మూయనివ్వలేదట. ఈసారి జాగ్రత్తపడ్డాడు. రెండో ఆమె ఎలా పోయిందమ్మా? నేను అడగలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు మూడో దానివా?"

సుగణా పొట్లం అందుకుంది. ఎలా లేచిందో, ఆ సందు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. మెడలో రూపు అడుగడుగునా గుండెకి తగులుతోంది.

ఆమె వెళ్లేసరికి నర్పత్ గదిలో మంచం మీద కూర్చుని ఆమె కోసమే చూస్తున్నాడు. చేతిలో పొట్లం చూశాడు. ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"ఎవరిది ఈ బొమ్మ?" అంది సుగణా. ఆమె అరవలేదు. "నా మెడలో మూడు నెలలుగా ఎవరిని కట్టారు?"

 అతను ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం సుగణా ఎప్పుడూ చూడలేదు. కింద నేల మీద కూర్చుని ఆమె కాళ్ల దగ్గర తల వాల్చాడు.

"దాని పేరు జేఠీ. నా మొదటి భార్య. మాసీ చెప్పిన పెళ్లికూతురు అదే. చెబితే మీ అన్న పిల్లనివ్వడని అమ్మ దాచింది. నేను నోరు మూసుకున్నాను. అది తప్పే."

"రెండో బొమ్మ?"

అతను తలెత్తలేదు. "అప్పుడు దానికి ఆరో నెల. కడుపులో ఆడపిల్ల. ఆ పసిదానికి కూడా ఒక రూపు ఉండాలని నాలుగేళ్లుగా నా మనసు పీకుతోంది. అందుకే చేయించాను."

"ఆయన నన్ను మూడోదానివా అన్నాడు."

"ఆ ముసలాయనకి ముప్పాతిక చెవుడు సుగణా. నేనొకటి చెప్తే ఇంకొకటి వినుంటాడు. నన్ను నమ్మవా? సాయంత్రం ఆ రాయి దగ్గరికి వెళ్దాం. దానికి ఓ ముద్ద పెట్టి, ఈ రెండు రూపులూ అక్కడే వదిలేసి వద్దాం. ఇక నీ మెడలో ఎవరూ ఉండరు. అందుకే నిన్ను ఇక్కడికి తీసుకొచ్చాను."

వినేవాళ్లకి ఇక్కడ సుగణా మీద కోపం రావచ్చు. కానీ ఆరో నెల కడుపు అన్న మాట విన్న ఆడదానికి గుండె కరగకుండా ఎలా ఉంటుంది? పైగా అతన్ని నమ్మకపోతే ఆమెకి నిలబడ్డానికి ఇంకో నేల లేదు. ఆమె కళ్లు తుడుచుకుంది. అతని కళ్లు కూడా తుడిచింది. పొట్లం ఇటివ్వమని అతను చెయ్యి చాచితే మాత్రం ఇవ్వలేదు.

"నేనే పెడతాను. ఆమె నాకు అక్క వరస," అని ముసుగు కొంగున ముడివేసుకుంది.

నాలుగింటికి బయల్దేరారు. మాసీ ఎవరింటికో వెళ్లింది, వద్దని చెప్పేవాళ్లు లేరు. ఒంటె యజమానిని నర్పత్ రావద్దన్నాడు, తనకి ఒంటె తోలడం తెలుసన్నాడు. జీను మీద ముందొకటి వెనకొకటి రెండు పీటలు. సుగణా ముందు పీట మీద కూర్చుంది. అతను తాడు పట్టుకుని నడిచాడు. అదిలిస్తే ఒంటె లేవలేదు. మెడ వెనక్కి తిప్పి ఖాళీగా ఉన్న వెనక పీట వైపు చూసింది. నర్పత్ కర్రతో రెండు దెబ్బలు వేశాక మూలుగుతూ లేచింది, మోయలేని బరువేదో వీపున పడినట్టు.

ఊరు వెనకబడింది. గాలి లేదు. ఒంటె మెడలో గంట తప్ప చప్పుడు లేదు. దారి పొడుగునా సుగణా వెనక పీట కిర్రుమంటూనే ఉంది... ఎవరో సర్దుకుని కూర్చుంటున్నట్టు. ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. పీట మీద పరిచిన బొంత మాత్రం మధ్యలో నొక్కుకుపోయి ఉంది.

బావి దిబ్బ కింద పూడిపోయిన పాత బావి, దాని పక్కనే మోకాలెత్తు రాయి. రాయి మీద ముసుగేసుకున్న ఆడమనిషి బొమ్మ. ఇసుక కొట్టి కొట్టి ముఖం అరిగిపోయింది. పడమటి వైపు ఆకాశం అంచున గోధుమరంగు గోడలాంటిది లేస్తోంది. నర్పత్ దాన్ని చూశాడు. చూసి కూడా ఏమీ అనలేదు.

సుగణా వెంట తెచ్చిన డబ్బాలోంచి చూర్మా, అంటే తీపి రొట్టెపొడి, తీసి నెయ్యి కలిపి ముద్ద చేసింది. రాతి ముందు పెట్టింది. ఇంకో చిటికెడు తీసి మెడలోని రూపుకి తాకించింది. "అక్కా, నాకు తెలియదు. తెలిస్తే మొదటి రోజు నుంచీ పెట్టేదాన్ని," అంది. తర్వాత తను ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మూడు నెలల్లో మొదటిసారి ఆ ముద్ద వెన్నలా దిగింది.

"ఇప్పుడు ముసుగు పూర్తిగా కిందికి దించుకుని ఏడుసార్లు చుట్టూ తిరుగు," అన్నాడు నర్పత్. "ముఖం కనపడకూడదు. నేను పిలిచేదాకా ముసుగు తియ్యకు, వెనక్కి చూడకు."

కోడళ్లకి ముసుగు కొత్తా? ఆమె గడ్డం కిందిదాకా దించుకుంది. గుడ్డలోంచి కుంకుమరంగు వెలుతురు తప్ప ఏమీ కనపడదు. కిందికి చూస్తే మాత్రం తన పాదాలు, చారెడు ఇసుక. మొదటి చుట్టు. రెండో చుట్టు. నడుస్తూనే కొంగు ముడి విప్పి పొట్లం తీసింది. పెట్టే ముందు ఆ పసిదాన్ని ఒక్కసారి చూడాలనిపించి రూపుని ముసుగు కిందికి తెచ్చుకుంది.

ఇద్దరు ఆడవాళ్లు. రెండో బొమ్మ పసిపిల్ల కాదు. మొదటిదాని ఎత్తే ఉంది. చేతుల నిండా గాజులున్నాయి.

ఆమె రేకుని తిప్పింది. వెనక సన్నని ఉలితో రెండు పేర్లు చెక్కి ఉన్నాయి.

జేఠీ. సుగణా.

కాళ్లు ఆగిపోయాయి. వెనక ఎక్కడో అతని గొంతు వినపడింది, చాలా మెల్లగా, ఏడుస్తున్నట్టు.

"అది తోడు అడుగుతోంది సుగణా. నాలుగేళ్లుగా వెంటాడుతోంది. తోడు ఇస్తే నన్ను వదిలేస్తుంది... నన్ను క్షమించు."

తర్వాత ఒంటె గంట. గబగబా... దూరంగా... ఇంకా దూరంగా.

ఆమె ముసుగు ఎత్తేలోపే గాలి వచ్చి పడింది. పగలు చీకటైపోయింది. ఇసుక కళ్లలో, ముక్కులో, పళ్ల సందున. నీళ్ల తిత్తి ఒంటె మీదే పోయింది. "ఏమండీ!" అని అరిచింది. అంత జరిగాక కూడా ఆమె నోట్లోంచి వచ్చిన పిలుపు అదే. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా. పొద్దున ఎండ పడకుండా నిలబెట్టిన మనిషి, వీపు నిమిరి నీళ్లు తాగించిన మనిషి. గొంతులో ముద్ద ఎందుకు ఆగుతోందో తెలిసే నీళ్లు అందించాడు. అత్తగారికీ తెలుసు. తను కోడలిగా కాదు, దయ్యానికి తోడుగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఆమెకి చావు భయం కంటే ఆ ఎడారిలో సిగ్గే ఎక్కువ వేసింది. ముసుగు మళ్లీ దించుకుని రాయి పట్టుకుని కూలబడింది.

ఎంతసేపైందో.

గాలి హోరులో... గలగల. గాజుల చప్పుడు. తనవి కాదు.

వంచిన తలకి ముసుగు అంచు కింద ఇసుక కనిపిస్తోంది. ఆ ఇసుక మీద రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. చెప్పులు లేవు. వెండి కడియాలు. పగిలిన మడమలు. అంత గాలిలోనూ చీర కుచ్చెళ్లు కదలడం లేదు.

"ముసుగు తియ్యకు," అంది గుసగుసగా ఒక గొంతు. ఎండిపోయిన గొంతు.

"ఎవరు..."

"నీకంటే ముందు వచ్చినదాన్ని. లే. నా పాదాలు చూసుకుంటూ నడు."

సుగణా లేచింది. పాదాలు నడిచాయి. అవి పడిన చోట ఇసుకలో గుర్తు పడుతోంది, వెంటనే పూడిపోతోంది. మట్టి వాసన. ఎన్నాళ్లో మూసిన బావిలోంచి వచ్చే చల్లని వాసన. నడుస్తూ నడుస్తూ సుగణా అడగలేక అడిగింది.

"అక్కా... నన్ను తోడు తీసుకెళ్లడానికి వచ్చావా?"

పాదాలు ఆగాయి.

"అలా చెప్పాడా?"

"నువ్వే అడిగావట."

చాలాసేపు ఇసుక రాలుతున్న చప్పుడు. అది నవ్వో, ఏడుపో.

"అడిగాను. నాలుగేళ్లుగా అడుగుతున్నాను... నిన్ను కాదు."

 ఆ గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి చెవి పక్కనే.

"నీళ్లు అతని దగ్గరే ఉన్నాయి. ఒంటె ఇద్దరిని మోసేది. నేను అరుస్తూనే ఉన్నాను. వెనక్కి చూడలేదు. చచ్చాక కూడా ఒక్క ముద్ద పెట్టిన చెయ్యి లేదు, ఇవాళ నీది తప్ప. నడు."

ఎంత దూరం నడిచిందో తెలియదు. చేతికి రాతి గోడ తగిలింది. ఊరు. ముసుగు అంచు కింద చూస్తే తన పాదాలు తప్ప ఇంకేవీ లేవు.

గాలి తగ్గింది. పొద్దు వాలుతున్న వేళకి సుగణా పారూ మాసీ గుమ్మంలో నిలబడింది. జుట్టునిండా ఇసుక, పెదవులు పగిలి నెత్తురు. దీపం వెలిగిస్తున్న మాసీ ఆమెను చూసి అగ్గిపుల్ల వేలు కాలేదాకా పట్టుకునే ఉంది.

"అదేంటి పిల్లా... నువ్వు ఇందాకే పైకెళ్లావుగా?"

"నేనా?"

"మీ ఆయన ఒంటె తాడు పట్టుకుని వచ్చాడు. ముఖం శవంలా ఉంది. నువ్వు వెనక పీట మీద కూర్చున్నావు, గడ్డందాకా ముసుగేసుకుని. నేను మంచినీళ్లిస్తే పుచ్చుకోలేదు. అసలు నువ్వు వెనక కూర్చున్నావని అతనికి తెలుసో లేదో కూడా... వెనక్కి చూడకుండా మెట్లెక్కాడు. అతని వెనకే నువ్వూ ఎక్కావు. గడియ పడిన చప్పుడు వినపడింది."

ఇద్దరూ పైకి చూశారు. మేడ మీద గదిలోంచి నర్పత్ గొంతు వినపడుతోంది. బుజ్జగిస్తున్నాడు.

"దారి తెలుసుకుని వచ్చేశావా... నేను వెనక్కి తిరిగి వద్దామనే అనుకున్నాను. నిజం. పిచ్చిదానా, నీకంటే నాకెవరున్నారు?"

ఆ మాట విని సుగణా కళ్లు మూసుకుంది. ఆమెదనుకున్న ఒకే ఒక్క మాట. దాన్ని అతను ఇంకెవరికైనా ఇంత తేలిగ్గా ఇచ్చేయగలడని ఇప్పుడు తెలిసింది. బహుశా ఆ మాట మొదటి నుంచీ ఆమెది కాదేమో.

"మాట్లాడవేం సుగణా? కోపమా? ఏదీ, ముసుగు తియ్యి. ఒక్కసారి నీ ముఖం చూడనీ."

మాసీ సుగణా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సుగణా విడిపించుకుని మెట్లెక్కింది. తలుపు ముందు నిలబడింది. మెట్ల మీద ఇసుకలో అతని చెప్పుల గుర్తులు, వాటి వెనక చెప్పుల్లేని పాదాలు.

"నేను బయట ఉన్నానండీ," అంది.

లోపల అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి.

"సుగణా?" గొంతు సన్నబడింది. "నువ్వు... బయట ఉన్నావా?"

"అవునండీ. తలుపు బయట."

"మరి... ఇక్కడ..."

గాజులు గలగలమన్నాయి. గడియ టకటకా కొట్టుకుంది. రెండు చేతులతో, ప్రాణం పెట్టి లాగుతున్నాడు. నూరేళ్ల రోహిడా కర్ర తలుపు కదల్లేదు. "తియ్యి... బయట నుంచి తియ్యి... సుగణా..." ఆ పిలుపు మధ్యలోనే గొంతుకేదో అడ్డం పడింది. పొలమారినట్టు ఒక దగ్గు... ఇంకొక దగ్గు... తర్వాత లేదు. ఇసుక రాలుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది.

సుగణా తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఎడారిలో తను పిలిచినా పలకనివాణ్ణి ఆమె పిలవలేదు. కిందికి పరిగెత్తి నలుగురిని కేకేసింది మాసీయే.

గునపాలతో గడియ విరగ్గొట్టేసరికి బాగా చీకటి పడింది. గదిలో మనిషి లేడు. కిటికీలు లోపల నుంచి బిగించే ఉన్నాయి. మంచం మీద మాత్రం నడుమెత్తున ఇసుక, మధ్యలో మనిషి పడుకుని లేచినంత గుంట. దాని పక్కనే ఇంకో గుంట.

సుగణా మెడ తడుముకుంది. నల్లతాడు ఉంది. వేసిన ముడి వేసినట్టే ఉంది. రూపు లేదు. పిడికిట్లో ఇందాకటి నుంచీ బిగించి పట్టుకున్న రెండో రూపుని దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. ఇద్దరు పక్కపక్కనే ఉన్నారు. ఒకరికి ముసుగు. రెండోవారికి తలపాగా. వెనక జేఠీ పేరొక్కటే ఉంది. తన పేరు ఉన్న చోట వెండి అద్దంలా నున్నగా ఉంది, అక్కడ ఉలి ఎప్పుడూ తగలనట్టు.

అంటే తను బతికింది. ఆమె పై మెట్టు మీద కూర్చుంది. అతను చెప్పిందంతా అబద్ధం. మొదటి సంబంధమన్నది, కులదేవతన్నది, నీకంటే ఎవరున్నారన్నది, కడుపులో పసిపిల్లన్నది, అంతా.

"కోడలు పిల్లా," అంది మాసీ కింద నుంచి. ఆవిడ లాంతరు వంచి మెట్లు చూస్తోంది. "ఆ ఎక్కిన అడుగులు సరే... ఈ గదిలోంచి వచ్చినవి ఎవరివి?"

సుగణా వంగి చూసింది. ఇసుకలో గది గుమ్మం నుంచి మొదలైన అడుగులు. బొటనవేలంత పాదాలు. ఇంకా నడక రానట్టు తడబడుతూ, గోడ పట్టుకుని, పై మెట్టు దాకా వచ్చాయి. ఆమె కూర్చున్న చోటికి వచ్చి ఆగిపోయాయి.